కరాటేలో ఒళ్లు వదులుగా ఉంచాలా, బిగించాలా?

తిరుపతిలో కరాటే క్లాసుకు పోతున్నాను, మాస్టరు ఒకసారి 'లూజ్' అంటారు, ఇంకోసారి 'పవర్' అంటారు, ఏది పాటించాలి అని ఒకరు అడిగారు. రెండూ ఒకే పంచ్‌లో ఉండాల్సినవే. కాకపోతే ఒకదాని తర్వాత ఒకటి.

మోచేతిని చాచేది జబ్బ వెనక ఉండే ట్రైసెప్స్. ముందున్న బైసెప్స్‌ని కూడా అప్పుడే బిగిస్తే అది చేతిని వెనక్కి లాగుతుంది. మొదటినుంచీ బిగబట్టేవాళ్ల పంచ్ అందుకే నెమ్మదిస్తుంది. కొట్టేవాళ్లకు మాత్రం చాలా బలం పెట్టినట్టే అనిపిస్తుంది, అదే చిక్కు.

గ్యాకుజుకితో, అంటే వెనక కాలి వైపు చేత్తో కొట్టే పంచ్‌తో, సాధన చేయండి. జెన్‌కుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచిన నిలుపులో) నిలబడి పిడికిలి తేలిగ్గా మూయండి. వెనక మడమ నేలకు ఆనించి ముందు నడుము తిప్పండి. చెయ్యి దాని వెంట రావాలి, మోచేయి పక్కటెముకల్ని రాసుకుంటూ పోవాలి. చివరి రెండంగుళాల్లో పిడికిలి, చంక, పొట్ట ఒక్కసారిగా బిగించి ఊపిరి కొద్దిగా, గట్టిగా వదలండి. కిమె అంటే అదే. వెంటనే మళ్లీ వదులు చేయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: బిగువు అట్లాగే ఉండిపోయి రెండో పంచ్ ఆలస్యమవుతుంది.

నెమ్మదిగా 10, సగం వేగంతో 10, పూర్తి వేగంతో 5 చాలు. మెడకూ భుజానికీ మధ్య కండ మీద తోటివాళ్లను రెండు వేళ్లు పెట్టమనండి. చెయ్యి కదలకముందే అది గట్టిపడితే ఆపి, భుజాలు దించి మళ్లీ మొదలుపెట్టండి.

అలాగని మరీ వదిలేయకూడదు. ప్యాడ్ తగిలే క్షణంలో మణికట్టు మెత్తగా ఉంటే మడతపడి బెణుకుతుంది. చూపుడువేలు, నడిమివేలి కణుపులే ముందు తగలాలి. గాల్లో కొట్టేటప్పుడు మోచేయి పూర్తిగా లాక్ కాకముందే ఆపండి, లేకపోతే కీలు నొప్పి పట్టుకుంటుంది.

గోజు ర్యూ అనే కరాటే శైలిలో సాన్‌చిన్ అనే కతా (వరస కట్టిన కదలికల సాధన) బిగువు మీదే నడుస్తుంది. అందులోనూ ఊపిరి బిగబట్టకూడదు. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా చేయొద్దు. షోటోకాన్ అనే మరో శైలికి మూలపురుషుడైన ఫునాకోషి గిచిన్ తన 20 నియమాల్లో బలం హెచ్చుతగ్గుల్ని, ఒంటి సాగడం ముడవడాన్ని మరవొద్దన్నారు. రోజూ గుర్తుంచుకోదగ్గ నియమం.

దండీలు, బస్కీలు పంచ్‌ల తర్వాతే తీయండి. అలసిన భుజం వదులు కాదు, మన ఊరి మే నెల ఉక్కలో అసలు కాదు. అలిపిరి మెట్లెక్కిన మర్నాడు తొడలు పట్టేసి ఉంటే కిక్‌లు మానేసి చేతుల పని మాత్రం చేసుకోండి.