ముందు హోసులు మార్చండి, ఎంసీల్ జోలికి పోకండి

మీ 1998 కార్బ్యురేటర్ మారుతి 800లో పొద్దున్నే పెట్రోల్ వాసన, కింద తడి మరక అన్నారు, లీకుకి ఎంసీల్ (పగుళ్లు పూడ్చే ముద్ద) పెట్టొచ్చా అని అడిగారు కదా. ముందుగా, లీకు ఆగేదాకా బండి స్టార్ట్ చేయకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, ఆరుబయట టార్చి వేసి చూడండి. దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల వద్దు.

ఈ వయసు బండ్లలో నాకైతే మొదటి అనుమానం పెట్రోల్ పారే రబ్బరు హోసుల (గొట్టాల) మీదే. ఫ్యూయల్ పంపు దగ్గర హోసుని వేళ్లతో వంచండి. వంపు మీద సన్నటి పగుళ్లు విచ్చుకుంటే దాని పని అయిపోయినట్టే. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పాతకాలం రబ్బరుకి అది పడదు. ఒక్కటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిరిగి పంపే రిటర్న్ హోసుతో సహా అన్నీ మార్చేయండి.

పాత ముక్క కోసుకెళ్లి లోపలి సైజు చూపించి, ఎస్‌ఏఈ 30ఆర్9 (పెట్రోల్ హోసుల ప్రమాణం) అని ముద్ర ఉన్నదే అడగండి. నీళ్ల పైపు, ఆక్వేరియం ట్యూబు పెట్టేవాళ్లని చూశాను, గుండె ఆగినంత పనైంది! క్లిప్పులు కూడా కొత్తవి వేయండి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది.

మరక వెనక చక్రాల వైపు ఉంటే మాత్రం ట్యాంకు నుంచి వచ్చే ఇనుప పైపు తుప్పు పట్టిందేమో. అది లిఫ్ట్ ఉన్న గ్యారేజీ పని. టోయింగ్ చేయించండి, నడుపుకుంటూ వెళ్లకండి.