డెన్మార్క్ బుల్లి వారసుడికి ఏం పేరు పెట్టాలి?
మీ కథలో ప్రిన్స్ క్రిస్టియన్‌కి కొడుకు పుట్టాడు, సంప్రదాయం ప్రకారం ఏ పేరు అని అడిగారు కదండీ, కళ్ళు మూసుకుని ఫ్రెడరిక్ అని పెట్టేయండి. 1513 నుంచీ అక్కడ రాజులంతా ఒకరు క్రిస్టియన్ అయితే తర్వాతాయన ఫ్రెడరిక్, మధ్యలో 1972లో మార్గరెట్ రాణి వచ్చినా ఆవిడ క్రిస్టియన్ స్థానంలో ఉన్నట్టే లెక్కేసుకుని కొడుక్కి ఫ్రెడరిక్ అనే పెట్టారు, ఆయనే 2024లో పదో ఫ్రెడరిక్ అయ్యాడు. నాకైతే ఈ పట్టుదల భలే నచ్చుతుంది.

మిగతా పేర్లలో మాత్రం మీకు స్వేచ్ఛ ఉంది. ఇప్పటి యువరాజు పూర్తి పేరు చూడండి, క్రిస్టియన్ వాల్డెమార్ హెన్రీ జాన్, వాల్డెమార్ పాత రాజుల పేరు, హెన్రీ తండ్రివైపు తాతది, జాన్ అమ్మవైపు తాతది. అలాగే మీరూ తాతల పేర్లు కలపండి.

ఇంకోటి, పుట్టగానే పేరు చెప్పించకండి, ఈయన 2005 అక్టోబర్‌లో పుడితే పేరు బయటపెట్టింది 2006 జనవరిలో బాప్టిజం రోజునే.