టైమ్ ట్రావెల్ సాహస నవలలు మనల్ని అంతగా ఎందుకు పట్టేస్తాయి?

నా మటుకు నాకు, "వీడు తిరిగి ఇంటికి చేరతాడా?" అన్న టెన్షనే మొదటి కారణం. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ చూడండి. కథానాయకుడు 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. చుట్టుపక్కలంతా తిరిగొచ్చేసరికి యంత్రం మాయం! మామూలు సాహస కథలో దారి తప్పినవాడికి నడిచైనా ఇల్లు చేరతాననే ఆశ ఉంటుంది. ఇతనికి అదీ లేదు. ఉన్నది తన ఊరి నేల మీదే, తప్పిపోయింది కాలంలో. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రెండోది, చిన్న చిన్న వివరాలతో నమ్మించడం. అంత దూరం వెళ్లొచ్చిన మనిషి దుమ్ము కొట్టుకుపోయి, రక్తం అంటిన చిరుగుల మేజోళ్లతో కుంటుతూ వచ్చి, ముందు తనకు కాస్త మాంసం ఉంచమని అడుగుతాడు. తర్వాత జేబులోంచి వాడిపోయిన రెండు తెల్లపూలు తీసి బల్ల మీద పెడతాడు. ఆ పూలిచ్చిన అమ్మాయి పుట్టడానికి ఇంకా ఎనిమిది లక్షల ఏళ్లుంది!

గతంలోకి వెళ్లే కథల ఆకర్షణ వేరు. "అప్పుడు అలా చేయకపోతే ఎంత బాగుండేది" అని మనమంతా ఎప్పుడో ఒకప్పుడు అనుకున్నవాళ్లమే. ఆ మాట పట్టుకుని ఒకడు నిజంగానే వెనక్కి బయల్దేరితే, పుస్తకం ఎలా మూస్తాం?