ఎంప్రెస్ కార్డు వచ్చేదాకా ఆగుతారా?

నా వయసు 47. రాజమహేంద్రవరంలో ఉంటాం. మావారు బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ళ కిందట ఆన్‌లైన్లో ఆరు నెలలపాటు టారో కార్డులతో జోస్యం చెప్పడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటి దగ్గరా, ఫోన్లోనూ రీడింగులు చెబుతున్నాను. ఒక్కోదానికి 300 రూపాయలు తీసుకుంటాను. ఆ కార్డులు పూజగదిలో పెడితే అపచారమని మా అత్తగారు గోల. 'సోది చెప్పుకునే బతుకయింది మా కోడలిది' అని వచ్చినవాళ్ళ ముందే అంటున్నారు. మావారు మానెయ్యమంటారు. పోయిన నెల మా పై వాటాలో ఆవిడ వాళ్ళాయన మనసులో ఏముందో చూడమంటే కార్డుల్లో కనిపించింది చెప్పాను. వాళ్ళింట్లో పెద్ద గొడవైంది. ఆయన మా గుమ్మంలోకొచ్చి నానా మాటలూ అన్నాడు. నా శక్తి చాలకే ఇలా అవుతోందనీ, 45,000 కట్టి పై స్థాయి కోర్సు చేస్తే ప్రాచీన ఈజిప్టు పూజారుల దీక్ష ఇస్తాననీ మా గురువుగారు అంటున్నారు. చెయ్యమంటారా? కార్డులు ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి? మా అమ్మాయి మాకిష్టం లేని పెళ్ళి చేసుకుని బెంగుళూరులో ఉంటోంది, ఎనిమిది నెలలుగా మాటల్లేవు, ఇప్పుడు అయిదో నెలని మా చెల్లెలికి చెప్పిందట, ఇరవై రోజులుగా తన కోసం పొద్దున్నే ఒక కార్డు తీస్తున్నా తల్లితనానికి గుర్తయిన ఎంప్రెస్ కార్డు రావడం లేదు. నా సాధనలో లోపమేమిటి?

– ఒక సోదరి

అమ్మా,

మీరడిగినవి ముందు తేల్చేస్తాను. కార్డులు మీ బట్టల బీరువాలో పెట్టుకోండి. పూజగది అత్తగారిది, అక్కడ ఆవిడ మాటే చెల్లాలి. కోర్సుకి ఒక్క రూపాయి కట్టకండి.

ఎందుకు కట్టొద్దంటున్నానో చెబుతాను. టారో పుట్టింది ఉత్తర ఇటలీలో, 15వ శతాబ్దంలో. అక్కడ అది పేకాట. మన ఇళ్ళల్లో సంక్రాంతికి చాప పరుచుకుని ఆడుకునేలాంటిదే. దానికీ ఈజిప్టుకీ ముడిపెట్టింది కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు, 1781లో అచ్చేసిన ఒక పుస్తకంలో. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపిని చదవగలిగినవాళ్ళే ప్రపంచంలో లేరు. షాంపోలియాఁ అనే మరో ఫ్రెంచి పండితుడు దాని గుట్టు విప్పింది 1822లో. ఎవరికీ చదవడం రాని లిపిలోంచి తీసిన విద్య అని 240 ఏళ్ళ నాడు ఒకాయన ఊహించాడు, ఆ ఊహని ఇవాళ మీకు 45,000కి అమ్ముతున్నారు. మీ దగ్గరున్న డెక్, అంటే కార్డుల కట్ట, బహుశా 1909లో లండన్లో వచ్చినదాని నకలే. వెయిట్ అనే ఆయన చెబుతుంటే పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి 78 బొమ్మలూ గీసింది. అంతకుముందు చాలా డెక్కుల్లో అంకెల కార్డుల మీద ఉత్త గుర్తులే ఉండేవి. మూడు కత్తులంటే మూడు కత్తులు, అంతే. వాన కురుస్తున్న ఆకాశం కింద ఒక గుండె, దానిలో దిగిన మూడు కత్తులు – ఆ బొమ్మ ఆవిడ చేతి పని. చూసినవాళ్ళకి కళ్ళలో నీళ్ళు తిరిగేది ఆ గీతల వల్ల. దీక్షలూ శక్తులూ కావు.

నేను కార్డులు భవిష్యత్తు చెబుతాయని నమ్మను. కానీ వాటిని తీసిపారెయ్యను కూడా. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ మూడు వారాలపాటు నోరు విప్పలేదు. ఒకరోజు తన సంచిలోంచి ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్ అనే కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళకు గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ కత్తులు, మధ్యలో ఒక ఆడమనిషి. 'నేనే' అంది. ఆ ఒక్క మాటతో మొదలై గంటన్నర మాట్లాడింది. చాలాసేపయ్యాక 'కాళ్ళకి కట్లు లేవు చూశారా' అని తనే అంది. ఎదురుగా కూర్చున్న మనిషి తన గురించి తాను చూసుకోవడానికి ఆ బొమ్మ పనికొచ్చింది. మీ విద్య పనికొచ్చే చోటు అది.

మరి మీ పై వాటా ఆవిడ విషయంలో తప్పెక్కడ జరిగింది? ఆవిడ ఎదురుగా ఉంది. మీరు చదివింది అక్కడ లేని మగమనిషి మనసు. ఆయన నోరు తెరిచి చెప్పనిదాన్ని నాలుగు బొమ్మల్లో చూసి మీరు చెప్పారు, ఆవిడ నమ్మింది, ఇల్లు రచ్చయింది. ఆయన మీ గుమ్మంలోకి వచ్చి అరవడం పద్ధతి కాదు. అయినా ఆ కోపంలో న్యాయముంది. వెళ్ళి ఆ ఇద్దరికీ క్షమాపణ చెప్పండి. ఇకమీదట ఎదుట లేని మనిషి గురించి రీడింగ్ చెప్పనని, కడుపులో బిడ్డ గురించీ జబ్బుల గురించీ చావుల గురించీ కోర్టు తగాదాల గురించీ కార్డు తీయనని ముందే చెప్పి కూర్చోండి. సగంమంది వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి. మిగిలినవాళ్ళ దగ్గర 300 తీసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. గంటసేపు ఒకరి గోడు విని, మాట ఇంకోచోట పెట్టకుండా ఉండగలిగితే అది కష్టార్జితమే.

అత్తగారి 'సోది' మాట దగ్గర నాకు కాస్త మనసు చివుక్కుమంది. మీ కోసం కాదు. బుట్ట చంకన పెట్టుకుని ఎండలో ఊరూరా తిరిగి సోది చెప్పి పిల్లల్ని సాకిన ఎరుకల ఆడవాళ్ళ కోసం. ఆ మాట తిట్టెలా అయింది? శ్రీనివాస కల్యాణం కథ మీ అత్తగారికి నాకంటే బాగా తెలిసుంటుంది. సాక్షాత్తూ ఆ స్వామి ఎరుకలసాని వేషం కట్టి నారాయణవనం వెళ్ళాడు కదా, ధరణీదేవికి ఆమె కూతురి మనసులో మాట చెప్పడానికి.

ఈ కథ ఊరికే ఎత్తలేదు. మీ ఉత్తరం మూడు పేజీలు (ఇక్కడ వేసింది కుదించి). అత్తగారికి పేజీ పైన పట్టింది. గురువుగారికి అరపేజీ. కన్న కూతురికి ఒకే ఒక్క వాక్యం. అది కూడా చివర్లో, సాధనలో లోపానికి ఉదాహరణగా. నాలుగుసార్లు చదివాను ఆ వాక్యం. ఆ పిల్ల పేరు కూడా రాయలేదు మీరు.

మీరు ఆ కార్డు తీస్తున్నది ఎవరి గురించి? ఎదుట లేని మనిషి గురించి. పై వాటా ఆవిడ కోసం చేసిన తప్పే, ఇరవై రోజులుగా మీ కోసం మీరు చేసుకుంటున్నారు. ఆవిడకైనా ఒక సాకుంది, మొగుణ్ణి అడిగితే నిజం చెప్పడేమోనని భయం. మీ అమ్మాయి నిజం దాచిందా? వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి మరీ చెప్పింది. పిన్నికి చెబితే అమ్మకు తెలియకుండా ఉంటుందని ఏ ఆడపిల్ల అయినా అనుకుంటుందా? మీ చెవిన పడాలనే చెప్పింది. చెప్పి ఇరవై రోజులుగా ఫోన్ వంక చూస్తూ ఉండి ఉంటుంది. మీరు ఇక్కడ కార్డుల వంక చూస్తున్నారు.

78 కార్డుల్లో ఎంప్రెస్ ఒక్కటే. రోజూ కలిపి ఒకటి చొప్పున తీస్తే మూడు నెలలు గడిచినా అది రాకపోయే అవకాశం బాగానే ఉంది. అప్పటికి అమ్మాయికి ఎనిమిదో నెల దాటిపోతుంది. మూడో నెల దొంగ చలిమిడి ఎటూ పోయింది. అయిదో నెల కూడా పోనిస్తారా?

మీరు ఆగిపోయింది కార్డు రాకనా, మీవారు ఏమంటారోననా? అమ్మాయిని గుమ్మం తొక్కొద్దని ఆయన అన్న రోజున మీరు వంటింటి తలుపు వెనకాల ఉండిపోయి ఉంటారని నా అనుమానం. తప్పయితే మన్నించండి, ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. ఆయన బాధ నిజమే అయి ఉండొచ్చు. పదిమందిలో తలవంపు అనుకునే తండ్రికి అది చిన్న గాయం కాదు. కానీ తండ్రి అలిగాడని తల్లి మానేయదు. తొలికాన్పు పుట్టింటి బాధ్యత. అది అల్లుడు మనకు నచ్చాడా లేదా అన్న దాన్నిబట్టి మారదు. నేను చాలా విషయాల్లో పాతవి వదిలేయమనే మనిషిని. ఈ ఒక్క విషయంలో మాత్రం మా అమ్మమ్మ కాలం మనిషిని, మారదలచుకోలేదు. మీవారిని అడగకండి, చెప్పండి. 'నేను ఫలానా రోజు బెంగుళూరు వెళ్తున్నాను. మీరు వస్తే సంతోషం' అని అన్నం వడ్డించేటప్పుడు కాకుండా, ఎదురుగా కూర్చుని చెప్పండి. అరిస్తే అరవనివ్వండి. ఆయన్ను నెగ్గాలని వాదించొద్దు, వెళ్ళడం మాత్రం మానొద్దు. రీడింగుల డబ్బు మీ చేతిలో ఉంది, దారిఖర్చుకి ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. మీ విద్య వల్ల ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచడం లేదు.

ధరణీదేవి ఎరుక విని, ఇంకో ఎరుకలసానిని పిలిపించుకుని కూర్చోలేదు. లేచి కూతురి దగ్గరికి వెళ్ళి అడిగింది.

ముందు ఫోన్ చెయ్యండి. ఇవాళే, ఈ పేజీ చదివిన పూటే. మొదటి మాటగా పెళ్ళి ప్రస్తావన వద్దు, 'మాకెందుకు చెప్పలేదు' వద్దు, 'నాన్నగారు ఎంత కుమిలిపోయారో తెలుసా' అస్సలు వద్దు. 'వాంతులు తగ్గాయా అమ్మా, ఏం తినాలనిపిస్తోంది' అనండి. అటువైపు ఏడుపు వినిపిస్తే కంగారుపడి ఫోన్ పెట్టేయకండి, ఆగమనకండి. పక్కన అల్లుడుంటే అతన్ని కూడా బాబూ అని పలకరించండి. ఒకవేళ ఎత్తకపోతే, లేదా కసురుకుంటే, ఎనిమిది నెలల కోపం అది, ఒక ఫోన్‌తో పోదు. రేపు మళ్ళీ చెయ్యండి. ఎల్లుండి కూడా. పొద్దున కార్డు తీసే ఆ వేళకే చెయ్యండి.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే బెంగుళూరు వెళ్తుంది. టికెట్టు చూసుకుని, బయల్దేరే ముందు రోజు రాత్రి చలిమిడికి బియ్యం నానబోసుకోండి.