పదహారేళ్ల వయసులో తల్లిదండ్రులకు దూరంగా విడిగా ఉండవచ్చా?

గుంటూరులో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాననీ, ఇంట్లో ఇమడలేక విజయవాడలో స్నేహితుడితో కలిసి గది తీసుకోవాలనుకుంటున్నాననీ, అది చట్టరీత్యా తప్పా అనీ అడిగారు. మా మేనల్లుడి విషయంలో నేను స్వయంగా పొరపాటు చేసి తెలుసుకున్నవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అమ్మానాన్నలు ఒప్పుకుంటే విడిగా ఉండటం తప్పు కాదు. విజయవాడ చుట్టుపక్కల కాలేజీ హాస్టళ్లలో ఉంటున్న మీ ఈడు పిల్లలందరూ అలా ఉంటున్నవారే. వారు ఒప్పుకోకపోతే మాత్రం నా ఇష్టం అనే హక్కు పద్దెనిమిదేళ్లు నిండేవరకు మీకు రాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో కోర్టు ఉత్తర్వుతో మైనరును తల్లిదండ్రుల అధీనం నుంచి విడుదల చేసే పద్ధతి ఉంది కానీ, మన దేశంలో అటువంటిది లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు కనుక, అద్దె కాగితం మీద మీ సంతకానికి విలువ ఉండదు.

మా అక్క కొడుకు మీలాగే ఒక రాత్రి గుంటూరు నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. కాలేజీ సంచిలో రెండు జతల బట్టలు, ఫిజిక్స్ పుస్తకం, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ ఉన్నాయి. మేనమామనే కదా, తెల్లవారాక చెబుదాంలే అనుకుని ఆ రాత్రి బావగారికి ఫోన్ చేయలేదు. అక్కడ అక్కా బావా రాత్రంతా బస్టాండూ రైల్వే స్టేషనూ వెతికి, చివరికి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. ఉదయం హెడ్ కానిస్టేబుల్ నన్ను అడిగినది ఒక్కటే: "మేనమామైతే సరేనండీ, తండ్రికి చెప్పారా?" నా దగ్గర సమాధానం లేదు.

ఆ తరువాత ఒక న్యాయవాది చెప్పగా అర్థమైంది. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను తీసుకుపోయినా, ఆశ పెట్టి రప్పించినా భారతీయ న్యాయ సంహితలోని 137వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. యుక్తాయుక్తాలు తెలిసిన మైనరు తనంతట తానే వస్తే అది తీసుకుపోవడం కాదని 1964లో వరదరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే ఆ తీర్పును నమ్ముకుని మీ స్నేహితుడి కుటుంబాన్ని ఇరకాటంలో పెట్టకండి.

మా ఇంట్లో వ్యవహారం చివరికి ఒక తెల్లకాగితం మీద తేలింది. అబ్బాయి ఇంటర్ పూర్తయ్యేవరకు నా దగ్గర ఉండటానికి తమకు సమ్మతమేననీ, ఫీజు తామే కడతామనీ, ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రిలో చేర్పించే బాధ్యత నాదనీ రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. బావగారు మాత్రం చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నారు. మీకు కూడా ఇదే దారి మేలని నా అభిప్రాయం. అమ్మమ్మ ఇల్లో, బాబాయి ఇల్లో, హాస్టలో పేరు చెప్పి అడిగితే, స్నేహితుడితో గది అన్నప్పటికంటే పెద్దలు త్వరగా మెత్తబడతారు.

ఇమడలేకపోతున్నానని రాశారే కానీ కారణం రాయలేదు. చదువు గొడవైతే పైన చెప్పినది సరిపోతుంది. కొట్టడమో, అంతకంటే ఘోరమో జరుగుతుంటే మాత్రం ఎవరి సమ్మతి కోసమూ ఆగనక్కర్లేదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, డబ్బు పడదు, రాత్రయినా పలుకుతారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు మీరే స్వయంగా వెళ్లవచ్చు. మీరు ఎక్కడ ఉండటం క్షేమమో వారు విచారించి నిర్ణయిస్తారు. న్యాయవాది కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ పిల్లలకు ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. చదువు గొడవా, కొట్టడంలాంటిదా, ఈ రెండింటిలో మీది ఏదో రాయండి, దాన్నిబట్టి మిగతాది చెబుతాను.