సాయంత్రం పేపరు చరిత్ర రాస్తానన్న మనవడికి

విజయనగరం

ఒరే నాయనా,

మన ఊరి సాయంత్రం పేపరు తొలిరోజుల గురించి రాస్తానన్నావు, సంతోషం. ముందు ఎడిటరుగారింటికి వెళ్తానన్నావే, అది ఆఖర్న పెట్టుకో. వాళ్లింట్లో సన్మానపత్రాలు చూపిస్తారు, కాఫీ ఇస్తారు, పేపరు పుట్టిన తేదీ మాత్రం తలొకటీ చెబుతారు.

ముందు పాత సంచిక ఒక్కటైనా చేతపట్టు. చివరి పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, ప్రెస్సు పేర్లుంటాయి. 1867 నాటి చట్టం ప్రకారం అప్పట్లో అవి వేసి తీరాల్సిందే. పేపరు మాదేనని మేజిస్ట్రేటు దగ్గర డిక్లరేషనూ ఇవ్వాల్సి ఉండేది. ఆ కాగితాలు ఇక్కడి కలెక్టరేట్లో లేవంటే డీలా పడకు. 1979 జూన్ 1న మన జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు విశాఖ జిల్లాలోది. అంతకుముందు పేపరైతే అక్కడికెళ్లి అడుగు. 1956 నుంచి పేపర్లు కూడా పెద్ద గ్రంథాలయాలకు పంపాలన్నారు గనక, మద్రాసు కన్నెమరాలోనూ వెతికించు.

మొదటి పేజీ పైన పేపరు పేరుండే తలకట్టు కింద 'సంపుటి, సంచిక' అని ఉంటుంది చూడు. సంచిక నంబరు పట్టుకుని, సెలవులు తీసేసి వెనక్కి లెక్కేస్తే మొదటి రోజు దొరుకుతుందంటారు. నమ్మకు! ఆ తలకట్టుకి పేర్చిన అచ్చక్షరాలు, ప్రెస్సులో కంపోజింగు చేసే మేం విప్పేవాళ్లం కాదు, ఫారంలో, అంటే పేజీ బిగించే చట్రంలో, అలాగే ఉండేవి. రోజూ తేదీ, నంబరు అక్షరాలు మాత్రం తీసి మార్చేవాళ్లం. ఒకసారి నేను తేదీ మార్చి, నంబరు మరిచాను. నాలుగు రోజులు పాత నంబరుతోనే పేపరు వెళ్లింది. ఐదోరోజు ఫోర్‌మన్ చూసి తిట్టి, 'పోనీలే, ఇక్కణ్ణుంచి లెక్కపెట్టు' అన్నాడు. ఆ నాలుగూ ఇప్పటికీ లెక్కలోకి రాలేదు. అందుకని నంబరు కన్నా లోపలి వార్త చూడు.

మధ్యాహ్నం రేడియో వార్తలు ఒకరు విని గబగబా రాసేవారు. తడి ఆరని ఆ కాగితమే మా చేతికొచ్చేది. గుణింతాలకో గూడు, వత్తులకో గూడు, వాటిలోంచి అక్షరాలు ఏరి, నిలబడే ఉండి, చేతిలో పట్టుకునే స్టిక్కులో పేర్చేవాళ్లం. ప్రూఫు దిద్దే టైమెక్కడిది? తప్పులు ఎక్కువుంటే ఆ రోజు పెద్ద వార్తేదో పడిందని అర్థం.

రైల్వే స్టేషన్లో, బస్సుల కాంప్లెక్సులో కేకలేసి అమ్మిన కుర్రాళ్లు ఇప్పుడు ముసలాళ్లు. వాళ్లని అడుగు. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో ఎడిటరుగారు పెంచి చెబుతారు, వీళ్లు కమీషన్ లెక్కతో చెబుతారు.

వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకో. మా అటక మీద పదకొండు సంచికలున్నాయి, చెదలు వదిలినంత వరకు.

నీ చిన్నతాత