మనుషుల్ని మార్చే ముందు వాళ్ళ కుర్చీలో కూర్చో

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొత్త బాధ్యత తీసుకుని రెండు నెలలైనా కాలేదు, అప్పుడే ముప్ఫై మందిలో ముగ్గురిని బదిలీ చేయించాలని, మిగతావాళ్ళకి ట్రైనింగ్ పెట్టించాలని రాశావు. "ఎవరూ నోరు విప్పరు, ఏ పనికీ పూచీ పడరు, అడిగితే ఇంకొకరి మీదకి తోస్తారు" అన్నావు. ఒక్క మాట అడుగుతాను. ముప్ఫై మందికీ ఒకే జబ్బు ఉంటే అది మనుషుల్లో ఉన్నట్టా, వాళ్ళు తాగే నీళ్ళలో ఉన్నట్టా?

నేనూ నీలాగే చేసి దెబ్బతిన్నాను కాబట్టి చెబుతున్నాను. నేను పనిచేసిన ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్‌వాళ్ళు గంటగంటకీ నలభై మీటర్లు చూసి, రీడింగులు రిజిస్టర్‌లో రాయాలి. ఒక తెల్లవారుజామున వెళ్ళి చూస్తే ఆరు గంటల గడి అప్పటికే నిండి ఉంది. టైమ్ ఇంకా నాలుగున్నర! ఆ మనిషిని మార్చాను. తర్వాత వచ్చినవాడూ అంతే. మూడోసారి నిజాయితీకి పేరున్న మనిషిని ఏరికోరి తెచ్చాను. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయనా ముందే రాసేస్తున్నాడు. కోపం పట్టలేక అరిచాను. ఆయన నిదానంగా, "సార్, ఒక్క రాత్రి మీరు నా కుర్చీలో కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నాను. నలభై మీటర్లూ నిజంగా చూసి రావడానికి నాకు గంటా పది నిమిషాలు పట్టింది. అంటే ఒక రౌండ్ పూర్తికాకముందే రెండో రౌండ్ టైమ్ దాటిపోతుంది. రిజిస్టరేమో షెడ్డుకి ఆ చివర, ఆఫీసు గదిలో. గడి ఖాళీగా ఉంటే పొద్దున్నే మెమో వస్తుంది. తప్పు అంకె ఉంటే ఎవరూ అడగరు. ఆ మెమోల మీద సంతకం ఎవరిది? నాదే. అబద్ధం రాసేవాణ్ణి పట్టుకోవాలని తిరుగుతూ, నిజంగా గడి ఖాళీగా వదిలినవాడికి శిక్ష వేస్తున్నది నేనేనని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

తర్వాత చేసింది చిన్న పనే. గంటకోసారి అన్నదాన్ని రెండు గంటలకోసారి చేశాం. ప్రతి మెషిన్ పక్కనే ఒక అట్టకి కాగితం, పెన్ను కట్టాం. "చూడలేకపోయాను" అని రాసినా మెమో రాదని చెప్పాం. మొదటి వారం కాగితాల నిండా "చూడలేకపోయాను" అన్న మాటలే. పని పాడైందని పైవాళ్ళు నన్ను తిట్టారు. ఆ లెక్కల్లో నిజం పడటం మొదలైంది ఆ వారమే అని వాళ్ళకి నచ్చజెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

అందుకే, మొదటి పదిహేను రోజులు నువ్వు ఏమీ మార్చకు. ఒక్కొక్కరి పక్కన ఒక పూట కూర్చో. అక్కడ ఏ పని సులువు, ఏది చిరాకు, ఏం చేస్తే తిట్లు పడతాయి, ఏం చేస్తే ఎవరూ పట్టించుకోరు, ఇవి రాసుకో. పేర్లు రాసుకోకు.

తొందర సంగతి ముందు చూడు. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, ప్రిన్‌స్టన్‌లో మతబోధకులు కాబోతున్న విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతూ, మూలుగుతూ ఉంటాడు. టైమ్ ఉందని చెప్పి పంపినవాళ్ళలో 63 శాతం మంది సాయం చేయబోయారు. ఆలస్యమైపోయిందని తరిమినవాళ్ళలో 10 శాతమే. వాళ్ళలో కొందరు వెళ్తున్నది ఆపదలో ఉన్నవాడికి సాయపడిన బాటసారి కథ మీద మాట్లాడటానికి! సాయంత్రం నాలుగు దాటాక వచ్చినవాళ్ళ మీద మీవాళ్ళు విసుక్కుంటారని రాశావు కదా, ఆ నాలుగింటికి వాళ్ళ నెత్తిన ఇంకేం పని ఉందో చూశావా?

టార్గెట్లు ఇంకా ప్రమాదం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది మీద, ఒక్కో కస్టమర్‌కి వీలైనన్ని ఖాతాలు అంటగట్టాలని ఒత్తిడి ఉండేది. చివరికి కస్టమర్లకి తెలియకుండానే వాళ్ళ పేరున ఖాతాలు పుట్టుకొచ్చాయి. 2016లో బ్యాంకుకి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. కొన్నేళ్ళలో 5,300 మందిని పనిలోంచి తీసేశామని బ్యాంకే చెప్పింది. అన్ని వేలమంది దొంగబుద్ధిగలవాళ్ళు ఏరినట్టు ఒకే బ్యాంకులో చేరారంటే నేను నమ్మను. నెలాఖరున నువ్వు ఏ అంకె అడుగుతున్నావో, పని చేయకుండా ఆ అంకె రాబట్టే అడ్డదారి ఏదో నువ్వే ఒకసారి ఆలోచించు. నీకు ఐదు నిమిషాల్లో తడితే వాళ్ళకి ఎప్పుడో తట్టి ఉంటుంది.

ఇక నోరు విప్పకపోవడం. 1950ల్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన గీతల ప్రయోగంలో, ఏ గీత దేనితో సమానమో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా ముందే చెప్పిపెట్టిన ప్రకారం గదిలో మిగతా అందరూ ఒకే తప్పు చెబితే, చాలామంది ఒక్కసారైనా ఆ తప్పుకి తలూపారు. ఇంకొక్కడు సరైన జవాబు చెప్పి తోడు నిలిస్తే మాత్రం అలా తలూపడం బాగా తగ్గిపోయింది. కాబట్టి మీటింగ్‌లో నువ్వు చివర మాట్లాడు. అందరికంటే చిన్నవాళ్ళని ముందు అడుగు. మొదటిసారి ఎవరైనా చెడు కబురు చెప్పినప్పుడు నీ మొహం ఎలా మారుతుందో గదంతా చూస్తూ ఉంటుంది, జాగ్రత్త. నీకు కోపం వస్తే ముక్కు ఎర్రబడుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

పాతవాళ్ళతో కొత్త పని జరగదంటావేమో. 1982లో జనరల్ మోటార్స్ కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే చోట ఉన్న తన కార్ల ప్లాంట్‌ని మూసేసింది. గైర్హాజరుకీ గొడవలకీ అది పేరుమోసింది. 1984లో టొయోటాతో కలిసి న్యూమీ అనే పేరుతో మళ్ళీ తెరిచినప్పుడు, తీసుకున్న కార్మికుల్లో ఎక్కువమంది ఆ పాతవాళ్ళే. యూనియనూ పాతదే. పద్ధతి మాత్రం టొయోటాది. లోపం కనిపిస్తే ఎవరైనా తాడు లాగొచ్చు, అవసరమైతే లైన్ మొత్తం ఆగిపోతుంది. లాగినవాడి దగ్గరికి టీమ్ లీడర్ వచ్చేది ఏం కావాలో అడగడానికి. కొద్దికాలంలోనే గైర్హాజరు బాగా తగ్గింది, కార్ల నాణ్యతకి మంచి పేరొచ్చింది. అదే పద్ధతిని మిగతా ప్లాంట్లకి పాకించడానికి జనరల్ మోటార్స్‌కి చాలా ఏళ్ళు పట్టింది. తాడు కట్టడం ఒక్కపూట పని. లాగినవాణ్ణి తిట్టకుండా ఉండటం అలవాటు కావడానికే అన్నేళ్ళు పట్టిందని నా లెక్క.

మీ ఆఫీసు చుట్టూ కూడా ఒక లోకం ఉంది. పైఆఫీసు, ఆడిట్, మీలాంటివే ఇంకో పది ఆఫీసులు. ఒకే రంగంలోని సంస్థలన్నీ పోనుపోను ఒకేలా ఎందుకు తయారవుతాయో డిమాజియో, పావెల్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1983లో రాశారు. నియమాల ఒత్తిడి ఒకటి, అధికారులంతా ఒకే రకం చదువు చదవడం ఒకటి, దారి తోచనప్పుడు పక్కవాణ్ణి చూసి కాపీ కొట్టడం ఇంకొకటి. ఏడు సంతకాల ఫారం అని వాపోయావు కదా. ఆ ఏడింటిలో నిజంగా పైనుంచి అడిగినవి ఎన్నో కనుక్కో. మా దగ్గర అలా కనుక్కుంటే రెండే తేలాయి.

అలాగని తప్పు చేసిన ప్రతివాణ్ణీ వెనకేసుకురమ్మని కాదు. పరిసరాల వంక పెట్టి తప్పించుకునేవాళ్ళూ ఉంటారు. యాష్ ప్రయోగంలోనూ ఒక్కసారీ తలూపనివాళ్ళు ఉన్నారు. ముప్ఫై మందిలో ఒక్కడే అడ్డంగా నడుస్తుంటే ఆ ఒక్కణ్ణే పిలిచి మాట్లాడు. అందరూ అలాగే నడుస్తుంటే ముందు దారి సంగతి చూడు.

బదిలీ కాగితం ఇంకా పైకి పంపకపోతే సొరుగులోనే ఉంచు. పదిహేను రోజులు కూర్చున్నాక నాకు రాయి. ఆ ముగ్గురిలో అందరికంటే మొండి అని నువ్వు రాసిన మనిషి పక్కన మొదటి పూట కూర్చో.

ఇట్లు,
మీ బాబాయి